అనుభవజ్ఞులును క్రొత్త పట్టభద్రులును

మా పాఠశాలలో చదివి, పిమ్మట ఇంజనీరింగు కళాశాలలకు పోయి పట్టము పుచ్చుకొన్న పిల్లలు క్రిస్మసు సెలవులలోను సంక్రాంతి సెలవులలోను ఇండ్లకు వచ్చినప్పుడు మమ్ము చూచి పోవుట చిరకాలముగా నున్న వాడుక. పూర్వము వారు తాము చేరిన కంపెనీ పేరును, కాపురమున్న ఊరును చెప్పి, ఒక మిఠాయి పొట్లము బల్లపై నుంచి పోవుచుండిరి. ఇటీవల వచ్చువారిలో పలువురు పొట్లమునకు బదులు ప్రశ్న నొకదానిని తెచ్చుచున్నారు. ఎక్కడికి పోయినను అనుభవ మెంత యని అడుగుచున్నారట. ఉద్యోగ మియ్యనిదే అనుభవ మెట్లు కలుగునని వారి మొఱ. ఇంకొక ప్రక్క, అదే సాఫ్ట్‌వేరు వృత్తిలో ఇరువదేండ్లు గడపినవారిని జీతము బరువైనదని పంపివేయుచున్నారని వినుచున్నాము. ఒకనికి అనుభవము లేదని తలుపు మూయుటయు, వేఱొకనికి అది మిక్కుటమైనదని సాగనంపుటయు చూడగా, ఆ యనుభవమను వస్తువు అసలేమి యని విచారింప బుద్ధి పుట్టినది.

మేము సాఫ్ట్‌వేరు వృత్తివారము కాము, బడిపంతులము. అయినను క్రొత్తవానిని పనివానిగా తీర్చు టెట్లనునది మా వృత్తికి పుట్టినింటి ప్రశ్న. కావున దీనిని గూర్చి కొంత చదివి, ఆ పనిలో నున్న మా పూర్వ విద్యార్థులను కొందరిని విచారించి, మాకు తోచిన మాటలు ఈ సంచికలో మనవి చేయుచున్నాము.

ప్రోగ్రా మనునది అక్షరములలో నున్న వ్రాత. చదువ వచ్చినవాడెవడైనను చదువుకొనవచ్చును; ఏబదేండ్లవాడు చదివినను ఇరువదేండ్లవాడు చదివినను అక్షరము మారదు. కుమ్మరికి చేయియు, వైద్యునికి నాడియు తెలియవలెనన్న ఏండ్లు పట్టుననుట నిజమే కాని, వ్రాసియున్న దానిని చదువుటకు అనుభవ మేల యని ఎవరికైనను తోచును. దీనికి సమాధానము డెన్మార్కు పండితుడు పీటర్ నౌర్ 1985లో ప్రకటించిన యొక వ్యాసములో గలదు. ఆయన వాదపు సారమిది: ప్రోగ్రాము నిజముగా నుండునది కాగితముమీద గాదు, దానిని నిర్మించినవారి బుద్ధిలో. ఏ భాగము ఎందుకు వ్రాయబడినది, ఏది మార్చిన నేది కదలును, లోకములోని ఏ యక్కఱకు ఏ పంక్తి సమాధానము, ఈ యెఱుక వారియొద్ద నుండును. ఆ గుంపు చెదరిపోయినచో, వ్రాత యంతయు మిగిలియున్నను, ప్రోగ్రాము చచ్చినట్లే యని ఆయన తలచెను. డెల్టా ప్రాంతమువారికి ఇది సులభముగా బోధపడును. కాలువల పటములు ఇంజనీరుగారి కచేరిలో నుండును. కాని ఏ తూము తలుపు ఎంత యెత్తిన ఎవరి చేను మునుగునో లస్కరు నడిగి తెలిసికొనవలసినదే.

ఆ యెఱుక గలవారు దూరమైనచో నేమగునో 2020 ఏప్రిల్ నెలలో అమెరికాలో కనబడినది. కోవిడ్ వలన పనులు పోయినవారు నిరుద్యోగ భృతికై లక్షలకొలది దరఖాస్తులు పెట్టిరి. న్యూజెర్సీ రాష్ట్రమువారి కంప్యూటర్లు పాతవి. 1959లో రూపకల్పన మొదలైన కోబాల్ అను భాషలో వ్రాసిన ప్రోగ్రాములతో నడచునవి. అప్పుడు ఆ రాష్ట్ర గవర్నరు ఫిల్ మర్ఫీ పత్రికలవారి యెదుట నిలిచి, కోబాల్ తెలిసినవారు స్వచ్ఛందముగా వచ్చి సహాయపడవలెనని కోరెను. ఆ భాషలో జీవితము గడపినవారు పెక్కుమంది అప్పటికే పని విరమించి మనుమల నాడించుకొను వయస్సువారు. కోబాల్ వ్యాకరణమును తెలివిగల కుఱ్ఱవాడు కొన్ని వారములలో నేర్చుకొనగలడు. గవర్నరునకు కావలసినది వ్యాకరణము గాదు.

కోబాల్ పేరు మన తెలుగు ఇండ్లకు క్రొత్తది గాదు. పూర్వపు ప్రోగ్రాములలో సంవత్సరమును చివరి రెండంకెలతోనే వ్రాసియుండిరి. ఆ కాలమున కంప్యూటరులో అంకెలు దాచుకొను చోటు బహు ఖరీదు గనుక, రెండంకెలు మిగుల్చుట పొదుపుగా నెంచిరి. 99 తరువాత 00 వచ్చిన యంత్రము దానిని 1900 అని భ్రమించునేమో యను భయము 2000 సంవత్సరము సమీపించిన కొలది పెరిగెను. దానిని సరిచేయుటకు వేలకొలది చేతులు కావలసివచ్చెను. హైదరాబాదులో అమీర్‌పేట శిక్షణ కేంద్రములలో కొన్ని నెలలు నేర్చిన మన పిల్లలు సముద్రములు దాటిరి. సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన 1998వ సంవత్సర ప్రాంతమున ఆ ప్రయాణములు ముమ్మరముగా నుండెను. విమానాశ్రయమునకు సాగనంప పోయిన జ్ఞాపకము ఎన్నో కుటుంబములకు గలదు. వారిలో పలువురు క్రొత్తవారే, పనియు నెరవేరినది. క్రొత్తవారి పక్షమున ఇంతకంటె గట్టి సాక్ష్యము మాకు కనబడలేదు. అయితే ఏమి వెదకవలెనో, సరిచేసిన పిదప ఎట్లు పరీక్షింపవలెనో పెద్దలు ముందుగా నిర్ణయించి యిచ్చిన పని యది. గట్టు వేసి, నీరు పెట్టి చూపిన మడిలో నాట్లు వేయుటవంటిది.

అట్లని వయస్సే అనుభవమని మేము అనము. 1969 జూలై 20వ తేదీన అపోలో 11 వారి నౌక చంద్రునిపై దిగుచుండగా, దానిలోని కంప్యూటరు 1202 అను సంఖ్యతో అపాయసూచన చేసెను. చేయవలసిన పనులు పెరిగి కాలము చాలుట లేదని దాని యర్థము. దిగుట మానుకొని మరలవలెనా, సాగిపోవలెనా? హ్యూస్టన్ నగరములో నుండి ఈ మాట చెప్పవలసిన భారము స్టీవ్ బేల్స్ అనునాతనిపై పడెను. ఆయన వయస్సు 26. వెనుక గదిలో నుండి, సాగిపోవచ్చునని ఆయనకు ధైర్యము చెప్పిన జాక్ గార్మన్ వయస్సు 24. యోచించుటకు వారికున్నది కొలది సెకండ్లు. మన బడిలో పదవ తరగతి ముగించి ఎనిమిదేండ్లయిన పిల్లవాని యీడువానికి అంత నిబ్బర మెట్లబ్బినది?

ప్రయాణమునకు కొన్నిదినములు ముందు జరిగిన అభ్యాసములో శిక్షకులు అటువంటి సూచననే కల్పించి వారిపై విడిచిరి. ఆనాడు బేల్స్ దిగుట మానవలెనని చెప్పెను. అది అక్కఱలేని నిర్ణయమని శిక్షకులు పిమ్మట తేల్చి చెప్పిరి. అటుపై వారి యధికారి జీన్ క్రాంజ్ ఆజ్ఞచొప్పున సూచనల నన్నిటిని పరిశీలించి, ఏది వచ్చిన నేమి చేయవలెనో గార్మన్ ఒక పట్టిక చేతితో వ్రాసి దగ్గర నుంచుకొనెను. కావున ఆ యిరువురికి ఏండ్లు లేకున్నను, ఆ యిబ్బందిని ఒకమారు ఎదుర్కొనిన అనుభవము గలదు. అదియు ఎవరి ప్రాణమునకును ముప్పులేని చోట, తెలిసినవారు చూచుచుండగా కలిగినది. మేము ఈ వ్యాసమంతయు వ్రాయుట ఈ యొక్క సంగతి కొఱకే యన్నను తప్పులేదు.

ఇక ఏండ్లు నిండిన అనుభవము కీడు చేసిన సందర్భమును గలదు. 1996 జూన్ 4వ తేదీన దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానానుండి ఏరియాన్ 5 అను రాకెట్టు తొలిసారి ఎగిరి, 40 సెకండ్లయినను నిండకముందే త్రోవ తప్పి నాశనమాయెను. దానితోకూడ నాలుగు ఉపగ్రహములు పోయెను. విచారణలో తేలినదేమన, ఏరియాన్ 4 అను పాత రాకెట్టులో చక్కగా నడచిన ప్రోగ్రాము భాగము నొకదానిని క్రొత్తదానిలో అట్లే యుంచిరి. క్రొత్త రాకెట్టు ప్రక్కకు సాగు వేగము పాతదానికంటె ఎక్కువ. ఆ వేగపు సంఖ్యను 64 బిట్ల చోటునుండి 16 బిట్ల చోటునకు మార్చబోగా పట్టలేదు. సోలెడు గిన్నెలో కుంచెడు పోసినట్లాయెను. విచిత్రమేమన, ఏరియాన్ 5 నేల విడిచిన పిమ్మట ఆ భాగము చేయవలసిన పనియే లేదు! పూర్వము బాగుగా నడచినది గనుక ఇప్పుడును నడచునను నమ్మకమే అక్కడ దానిని నిలిపినది. ‘అయ్యా, ఇది యిక్కడ ఎందుకున్నది?’ అని యడుగుటకు సిగ్గుపడనివాడు సాధారణముగా క్రొత్తవాడే.

ఈ యడుగుట యను మాట వచ్చినది గనుక, మా మనస్సులో నున్న దానిని చెప్పెదము. గత సంవత్సరము మా పూర్వ విద్యార్థి యొకడు, పట్టము పొంది ఏడాదిన్నర యైనవాడు, సాయంకాలము బడి విడిచిన తరువాత వచ్చి, చాలసేపు వేఱు సంగతులు మాటలాడి, వెళ్లబోవుచు గుమ్మమున నిలిచి అడిగెను: “మాస్టారూ, రెజ్యూమెలో మూడేళ్లు పెట్టమంటున్నారండీ. పెట్టేయమంటారా?”

ఈ ‘పెట్టుట’ యేమో యెఱుగని తలిదండ్రులకు చెప్పవలసియున్నది. చేయని ఉద్యోగమును చేసినట్లు కాగితములు పుట్టించుటను మన యువకులు ఎక్స్‌పీరియన్స్ పెట్టుట యందురు. సొమ్ము పుచ్చుకొని, ఊరును పేరును లేని కంపెనీ తరఫున జీతపు చీటీలును అనుభవ పత్రములును ఇచ్చువారు గలరు. పోలీసువారికి పట్టుబడినవారును గలరు. ఉద్యోగమిచ్చిన పిదప పత్రములు సరిచూచి, బొంకు బయటపడినంతనే తొలగించుటయు కద్దు.

అబద్ధమాడరాదని చెప్పి పంపివేయుట మాకు సులభము. కాని ఆ మాట మా నోట వాడు ఆరవ తరగతినుండి వినినదే. వాని తండ్రి తాపీపని చేసి చదివించెను; ఇంటిమీద అప్పు గలదు; వానితో చదివినవారిద్దరు ‘పెట్టి’ అప్పటికే ఉద్యోగములలో నుండిరి. కావున వానికి వేఱొక లెక్క చెప్పితిమి. క్రొత్తవాని చేతిలో నొక్కటే ధనమున్నది. తెలియదని చెప్పు స్వాతంత్ర్యము. మొదటి సంవత్సరములో వాడు ‘ఇది నాకు తెలియదండీ, చూపింపుడు’ అన్నచో ఎవ్వరును నవ్వరు. చూపుట పెద్దల విధి. మూడేండ్లు పెట్టినవాడు ఆ మాట అనజాలడు, అన్ననాడే గుట్టు బయటపడును. కావున తెలియనిదానికి తల యూపును. జాబ్ సపోర్టు అను పేర మఱియొకనికి నెలకింత యని యిచ్చి, రాత్రులు చాటుగా తన పని వానిచేత చేయించుకొనును. పొరపాటు జరిగినచో దాచును. నేర్చుకొనుటకు సరిగా పనికివచ్చునది ఆ పొరపాటే, దానినే దాచును! ఇట్లు మూడేండ్లు నిజముగా గడచినను వానికి మొదటి సంవత్సరపు అనుభవమైనను కలుగదు. ఎన్నడును క్రొత్తవాడుగా నుండ నోచుకొననివాడు పాతవాడెట్లగును?

వాడు తల వంచుకొని వినెను. పెట్టలేదని కొన్ని నెలలకు తెలిసినది. దుకాణములకు లెక్కల ప్రోగ్రాములు చేసియిచ్చు ఒక చిన్న సంస్థలో, పండ్రెండేండ్లుగా ఆ పనిలో నున్న యొక అమ్మగారి ప్రక్కన కూర్చుండి నేర్చుకొనుచున్నాడు. జీతము వాని స్నేహితుల జీతములో సగమైనను లేదు. వాని తండ్రి త్రోవలో ఎదురుపడినప్పుడు మాతో మునుపటివలె మాటలాడుట లేదు. ఆయనను తప్పుపట్టజాలము, వడ్డీ కట్టువాడాయన, మేము గాదు.

ప్రక్కన కూర్చుండుట యను దాని విలువను మాకు తెలిపినది ట్రెయినింగు కాలేజీ. అక్కడ ఉపన్యాసములలో వినినది చాలవఱకు మఱచితిమి. మఱవనిది బోధనాభ్యాసము. సమీపపు పాఠశాలలో మేము పాఠము చెప్పుచుండగా, మా మెథడు లెక్చరరుగారు కడపటి బల్లపై పిల్లల నడుమ మోకాళ్లు ఇఱికించుకొని కూర్చుండి, చిన్న పుస్తకములో నేమో వ్రాసికొనుచుండిరి. పాఠము మధ్య పలుకరు, ముఖము చిట్లింపరు. గంట కొట్టిన పిదప వరండాలో నిలిచి, పుస్తకము తెఱచి, ‘మూడవ వరుసలో కిటికీ ప్రక్క పిల్లవాడు నీ ప్రశ్నకు చేయి ఎత్తి, నీవు చూడకపోగా దించివేసెను, వాని పేరు తెలిసికొని రేపు మొదట వానిని అడుగుము’ అని చెప్పువారు. ఈ మాట ఏ గ్రంథములోను లేదు. ఒకవేళ ఆ దినపు పాఠము పిల్లలకు అందకపోయినను, ఆ తరగతి సొంత ఉపాధ్యాయుడు మఱునాడు దానిని సరిచేయును. ఆ యేర్పాటు ఉండుటచేతనే అభ్యాసకునికి చేయి వణకదు. 2015నుండి బి.ఇడి. చదువు రెండేండ్లయి, పాఠశాలలో నుండి పని నేర్చుకొను కాలము పెరిగినందుకు మేము సంతోషించితిమి.

వైద్యునికి హౌస్ సర్జనుగా నుండు సంవత్సరమున్నది. క్రొత్త వకీలు సీనియరు వెంట కాగితముల కట్టలు మోయును. సాఫ్ట్‌వేరులో అట్టిది లేదా యని మా పూర్వ విద్యార్థుల నడుగగా, కోడ్ రివ్యూ అను ఆచారము నొకదానిని చెప్పిరి. ఒకడు వ్రాసిన దానిని వేఱొకడు చదివి ఒప్పుకొనిన గాని పనిలో చేర్చరట. అది కడపటి బల్లయే! అయితే చదువువారికి తీరిక లేక, పైపైన చూచి, సరే యని ఒక్క మాట వ్రాసి వదలుటయు గలదని వారే నవ్వుచు చెప్పిరి. అట్లయిన బల్ల ఉన్నది గాని బల్లపై ఎవరును లేరు.

తీరిక లేకపోవుటకు కారణము గలదు. ఐ.బి.ఎం. కంపెనీలో ఒక మహాప్రోగ్రాము నిర్మాణమునకు అధిపతిగా నుండిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ప్రకటించిన ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ అను గ్రంథములో, ఆలస్యమైన పనికి మనుష్యులను చేర్చినచో అది మఱింత ఆలస్యమగునని వ్రాసెను. క్రొత్తవారికి చెప్పవలసినవారు ఆ పని చేయుచున్నవారే గదా. చెప్పుచున్నంతసేపు వారి పని నిలిచిపోవును. నేర్పుటకు వెల యున్నదని దీని భావము. ఆ వెల చెల్లించుటకు ఇష్టపడనివారికి ఇప్పుడు క్రొత్త సాకు దొరకినది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత, క్రొత్త పట్టభద్రునికి తొలుత నిచ్చు చిన్నచిన్న పనులను యంత్రమే వ్రాసిపెట్టుచున్నది. 2025లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు అమెరికాలోని జీతపు లెక్కలను పరిశీలించి, సాఫ్ట్‌వేరువంటి పనులలో 22 మొదలు 25 ఏండ్లలోపు వారి ఉద్యోగములు తగ్గినవనియు, అవే పనులలో పెద్దవారి ఉద్యోగములు నిలుకడగా నున్నవనియు ప్రకటించిరి. ఈ సంవత్సరపు లెక్కకు ఇది లాభముగానే కనబడును. విత్తనపు వడ్లు వండుకొనిన యింటను ఆ పూట అన్నము బాగుగానే యుండును. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయమున 21 ఏండ్ల విద్యార్థిగా నుండి లినక్స్ మొదలిడిన లైనస్ టోర్వాల్డ్స్ ఏబదేండ్లు దాటియు నేటికిని దాని పెత్తనము వహించుచున్నాడు. ఆండ్రాయిడ్ ఫోనులన్నిటికిని అడుగున నున్నది అదియే. ఆయన తరువాత చూచువారు ఇప్పుడు ఇరువదొకటవ యేట నుండవలెను గదా!

మన ప్రాంతమున పెద్దవారును నిశ్చింతగా లేరు. మా యెనిమిదవ తరగతి పిల్ల తండ్రి యొకరు, 22 ఏండ్లు ఈ పని చేసినవారు, ఉద్యోగము పోయి స్వగ్రామమునకు వచ్చియున్నారు. ఇంటివద్ద ఊరక కూర్చుండలేక, శనివారములు కంప్యూటరు తరగతి తీసికొందునని ప్రధానోపాధ్యాయులవారిని అడిగిరి. మేము వెనుక బల్లపై కూర్చుండి రెండు మూడు వారములు చూచితిమి. ఆయన పిల్లలచేత ప్రోగ్రాములు వ్రాయించుట లేదు. తాను వ్రాసి తెచ్చి, ‘దీనిలో ఒక దోషమున్నది, పట్టుకొనుడు’ అని యిచ్చి, చేతులు కట్టుకొని నిలుచుందురు. మొన్నటిది తరగతి మార్కుల సరాసరి కట్టు ప్రోగ్రాము. 43 మంది పేర్లు, మార్కులు అందులో నుండెను. జవాబు వచ్చుచున్నది గాని తప్పు. మా తెలివైన పిల్లలు లెక్క సూత్రమును పట్టుకొని అరగంట పెనగులాడిరి. చివరకు కనిపెట్టినది హాజరు పట్టికలో 43వ సంఖ్య గల చిన్నది. దానికి లెక్కలు అంతంతమాత్రమే. తన మార్కులు మార్చి మార్చి చూచినను సరాసరి కదలుట లేదని, లెక్కించుట 42తోనే ఆగిపోవుచున్నదని లేచి చెప్పెను. ఆయన దాని ప్రక్కకు వచ్చి కూర్చుండి, “ఇరవై రెండేళ్లలో దీన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదమ్మా,” అని, ఎక్కడెక్కడ చూచితిరో చెప్పనారంభించిరి. పిల్లలు బల్లలు దగ్గరకు జరుపుకొనిరి. గంట కొట్టినను ఎవరును లేవలేదు.